ఇంకో అరచుట్టు

ఏంటమ్మా, తిరుగుతూనే ఉందా? బిగియడం లేదా? ఏదీ, ఆ బోల్టు ఇలా వెలుతురులోకి పట్టు. నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో... ఆఁ, నెత్తిమీదే ఉంది. ఊఁ. పోయింది. కన్నంలో చుట్లుగా చెక్కిన మర మొత్తం ఊడి బోల్టుతో పాటు బయటికొచ్చేసింది. ఇదిగో చూడు, బోల్టుకి తీగలాగా చుట్టుకుని మెరుస్తోందే, అదంతా ఇంజను ఒంట్లోంచి వచ్చిన అల్యూమినియమే. బోల్టు ఉక్కు, దానికేం కాదు. రెండింట్లో మెత్తనిది ఏదైతే అదే పోతుంది. ఎవరు బిగించారు దీన్ని? నిజం చెప్పు. నువ్వేనా! అనుకున్నాలే. ఆయిలు మార్చడం ఫోనులో చూసి నేర్చుకున్నావా? మంచిదే, ఆడపిల్ల తన బండి తను చూసుకుంటే తప్పేముంది. మరి ఆ ఫోనులో ఆయన బిగిసినట్టు అనిపించగానే ఆగమన్నాడా లేదా? అన్నాడుగా? నువ్వెందుకు ఆగలేదు? ఏమన్నావ్, మళ్ళీ అను. "ఎందుకైనా మంచిదని ఇంకొంచెం తిప్పాను." ఓర్నాయనో! సరిగ్గా ఆ మాటే. నువ్వు పుట్టకముందే పోయిన మనిషి మాట నీ నోట్లోకి ఎలా వచ్చిందే? రక్తం ఎక్కడికి పోతుందిలే. మీ తాతయ్యని అందరూ ఏమని పిలిచేవాళ్ళో తెలుసా నీకు? మీ నాన్న చెప్పి ఉండడు. మా అక్క, అదే మీ నానమ్మ, ఉన్నన్నాళ్ళూ ఆ పేరు ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు. అరచుట్టు. అరచుట్టు మెకానిక్కు. అలా కూర్చో, ఆ స్టూలు కాదు, దాని కాలు ఊగుతుంది, ఈ పెట్టె మీద కూర్చో. 

పేరు పెట్టింది ఎదురుగా సెలూను ఆయన. ఆయనకి నోటి దురద. కత్తి మన గొంతుమీద పెట్టి మరీ జోకులు వేసేవాడు; నవ్వితే తెగుతుంది, నవ్వకపోతే నొచ్చుకుంటాడు. సరే, ఆయన సంగతెందుకు. మీ తాతయ్య షెడ్డుకీ, ఇనుము చెక్కే నా లేతు షెడ్డుకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడలో ఇటుక ఊడిన కన్నం ఒకటి ఉండేది, దాంట్లోంచే సామాన్లు ఇటూ అటూ అందించుకునేవాళ్ళం. ఆ కన్నంలోంచి రోజంతా నాకు ఒకటే పాట. ముందు స్పానరు టకటక. తర్వాత బోల్టు బిగిసిన మూలుగు. మామూలు మనిషైతే అక్కడితో ఆగుతాడు కదా? మీ తాతయ్య దగ్గర మూరెడు పొడుగు ఇనప పైపు ముక్క ఒకటుండేది. దాన్ని స్పానరు తోకకి తొడిగి, కాళ్ళు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, "ఎందుకైనా మంచిది, ఇంకో అరచుట్టు" అని లాగేవాడు. లాగితే లోపలెక్కడో కిటుక్కుమనేది. అప్పుడు ఆ మొహం చూడాలి నువ్వు! పెళ్ళిచూపుల్లో పిల్ల ఒప్పుకున్నంత సంబరం. "ఆఁ, కూర్చుంది" అనేవాడు. బోల్టు కూర్చుందిట! అది కూర్చోవడం కాదు తల్లీ, కూలబడడం. మర తెగిన చప్పుడది. ఆ చప్పుడు వినకపోతే ఆయనకి పని పూర్తయినట్టే ఉండేది కాదు. 

షెడ్డులోనే కాదు, ఇంట్లోనూ అదే తంతు. ఆయన కట్టిన కుళాయి విప్పాలంటే ఇద్దరు కావాలి. పంచదార డబ్బా మూత ఆయన పెట్టాడంటే మా అక్క ఆ డబ్బా చంకలో పెట్టుకుని పక్కింటికెళ్ళి తీయించుకొచ్చేది. ఒకసారి కళ్ళజోడు చెవి దగ్గర మర వదులైందని తనే బిగించుకున్నాడు. ఇంకేముంది, అద్దం రెండు ముక్కలు. "నాసిరకం అద్దం అంటగట్టాడు వెధవ" అని ఆ కళ్ళజోళ్ళ షాపువాణ్ణి వారం రోజులు తిట్టాడు. అదీ ఆయన గొప్పతనం. చేసేది ఆయన, తిట్లు తినేది ఇంకోడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. కాదు కాదు, ఆ సామెత సరిపోదు. ఈయన ఆడి, మద్దెల పగలగొట్టి, అప్పుడు ఓడు అనేవాడు. 

బండి రెండోసారి వచ్చినప్పుడు ఉండేదమ్మా అసలు సినిమా. బోల్టు విప్పుతాడా, అది మరతో సహా ఊడి చేతిలోకొస్తుంది. ఇక మొదలు. "ఏ గాడిద చెయ్యి పెట్టిందయ్యా ఈ బండిమీద! వాడి చేతులు పడిపోను! వాడికి స్పానరు ఇచ్చినవాణ్ణనాలి ముందు! పలుగూ పారా ఇచ్చి గుంటలు తవ్వించాల్సినవాణ్ణి తెచ్చి మెకానిక్కుని చేశారు!" ఇలా ఊపిరి తిప్పుకోకుండా. బండి ఓనరు అక్కడే నిలబడి ఉంటాడు, పాపం. ఎదురుగా దర్జీ ఉండేవాడు, మెతక మనిషి, వాడొకసారి నసిగాడు: "అంటే... కిందటిసారి కూడా మీ దగ్గరికే తెచ్చానండీ." మీ తాతయ్య ఏమాత్రం తొణక్కుండా, "నా దగ్గరికి రాకముందు ఎవడి దగ్గరికెళ్ళావో గుర్తు తెచ్చుకో" అన్నాడు. కొన్నప్పట్నుంచీ మీ దగ్గరికేనండీ అంటే, "అయితే తయారుచేసిన వాడే గాడిద" అన్నాడు.  తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే, నాలుగోది ఎక్కడుందని అడగడానికి ఎవరికీ ధైర్యం చాలదు. నేను ఇవతల గోడ పక్కన చొక్కా నోట్లో కుక్కుకుని నవ్వుకునేవాణ్ణి. తర్వాత సెలూనుకెళ్ళి ఆ తిట్లన్నీ మీ తాతయ్య గొంతుతో చెప్పేవాణ్ణి. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. నాకు అదో పేరు అప్పట్లో, బావని బాగా దించుతాడని. 

సరే, గాడిదలు దూరం నుంచి ఎన్నాళ్ళొస్తాయి? తిట్టడానికి దగ్గర్లో ఒకడు దొరికితే సుఖం కదా. దొరికాడు. మీ చిన్నతాత. ఆఁ, ఉన్నాడమ్మా, మీ తాతయ్యకి సొంత తమ్ముడు. నీకు ఎవరూ చెప్పలేదా? చెప్పరులే. అన్నకి పన్నెండేళ్ళ చిన్నవాడు. తల్లీ తండ్రీ వెంటవెంటనే పోతే మా అక్కే చేరదీసింది, తన పెద్దకొడుకులాగే చూసుకుంది. నేనంటున్న రోజులకి పాతికేళ్ళు దాటిన మనిషి, అన్నతో సమానంగా పనిచేసేవాడు. సమానమేంటి నా మొహం, అన్నకంటే పైన. వాడి చెయ్యి చూడాలి నువ్వు! స్పానరుని తోక దగ్గర కాదు, మెడ దగ్గర పట్టుకునేవాడు, రెండు వేళ్ళూ బొటనవేలూ అంతే. బోల్టు ముందు చేత్తో ఎక్కించేవాడు. అది తనంతట తాను దిగుతోందా, మొరాయిస్తోందా అని వేళ్ళతో తెలుసుకుని, అప్పుడు స్పానరు. బిగిసిందా, ఆగిపోయాడు. ఎవరేమన్నా సరే ఇంకొంచెం తిప్పడు. "అది చాలంటోంది బావా" అనేవాడు నాతో. నన్ను బావా అనేవాడు, వదిన తమ్ముణ్ణి కదా. మాట తక్కువ. మా అక్కతో తప్ప ఎవరితోనూ గట్టిగా నవ్వగా చూడలేదు. 

ఇంతకీ నీకు అర్థమైందా? వాడు సరిగ్గా బిగించి లేస్తాడు. మీ తాతయ్య వెనకాల పైపు పట్టుకుని వస్తాడు, పరీక్ష చేయడానికి. "నువ్వు బిగిస్తే గాలికి ఊడుతుందిరా, జరుగు." కిటుక్. "ఆఁ, ఇప్పుడు కూర్చుంది." మళ్ళీ ఆ బండి వచ్చినప్పుడు మర ఊడితే, "చూశావా, ఇది వీడు పట్టుకున్న బండే, వీడి చెయ్యి బరువు" అని అందరికీ చాటింపు. వాడి చెయ్యి బరువట! పువ్వు కోసినా కాడకి తెలియని చెయ్యి వాడిది. ఒకట్రెండు సార్లు ఎదురు చెప్పబోయాడు, "అన్నయ్యా, ఆ పైపు..." అని. "పెంచిన చేతినే కరుస్తావా" అని మీ తాతయ్య ఒక్కటే మాట. ఆ మాట పడ్డాక ఎవడైనా నోరెత్తుతాడా? వాడు ఊడిన మరలు బాగుచేయడం నేర్చుకున్నాడు. అన్న చెడగొట్టాలి, తమ్ముడు బాగుచేయాలి, నేను వాటిల్లోకి లేతు మీద బుష్షులు తిప్పాలి, ముగ్గురికీ చేతినిండా పని. 

ఎలా బాగుచేస్తారంటావా? అదే కదా నీ బండికి చేయబోతున్నాం, చెప్తా విను. పోయిన కన్నాన్ని కొంచెం పెద్దది చేసి, దాంట్లో ట్యాపుతో కొత్త మర కోయాలి. ట్యాపంటే ఇదిగో, మర కోసే ఉలి అనుకో. లోపలా బయటా మర ఉన్న చిన్న బుష్షు నేను లేతు మీద చేసిస్తాను, దాన్ని ఆ కన్నంలో దింపి, అంచున పంచి, అదే మొనదేలిన ఉక్కు ముక్క, దాంతో ఒక్క చుక్క కొడితే మళ్ళీ కదలదు. పాత బోల్టు హాయిగా దాంట్లో కూర్చుంటుంది. నిజంగా కూర్చోవడం ఇదీ. కానీ ట్యాపు కొట్టడంలో ఉంది కిటుకంతా. కిరసనాయిలు చుక్కలు వేస్తూ, ముందుకి సగం చుట్టు తిప్పితే వెనక్కి పావు చుట్టు రావాలి, తెగిన పొట్టు రాలిపోవడానికి. వెనక్కి రాకుండా ముందుకే పోయావా, ట్యాపు లోపలే విరుగుతుంది, ఇక ఇంజనుని పాతేసుకోవాల్సిందే. మీ తాతయ్య ఎన్ని ట్యాపులు విరిచాడో లెక్కలేదు. వెనక్కి రావడమంటే ఆయనకి చిన్నతనం. మీ చిన్నతాత మాత్రం ఒక్కటి కూడా విరవలేదు. ప్లగ్గు కన్నానికి కోయాల్సొస్తే ట్యాపు గాడుల్లో గ్రీజు మెత్తేవాడు, పొట్టు సిలిండర్లో పడకుండా దానికే అంటుకోవాలని. ఎవరు నేర్పారురా అంటే, "ఎవరు నేర్పుతారు బావా, ఒకసారి పడింది, తీసేసరికి ప్రాణం పోయింది" అన్నాడు. 

తప్పు మీ తాతయ్యదేనని నాకు తెలియదా అని అడుగుతున్నావా? తెలుసమ్మా. లేతు మనిషికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఊడిన మరని చూస్తే చెప్పేయచ్చు. బోల్టు వంకరగా ఎక్కిస్తే మర అడ్డంగా నలుగుతుంది. విపరీతంగా బిగిస్తే నిలువునా తెగి, ఇదిగో నీ బోల్టుకి చుట్టుకుందే, ఇలా తీగలా వస్తుంది. మీ తాతయ్య షెడ్డులోంచి గోడకన్నంలో నా చేతికొచ్చినవన్నీ ఇలా తీగలే. మొదటి ఏడాదే కనిపెట్టాను. మరి చెప్పలేదేం అంటే... ఏం చెప్పను? కందకి లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నాను. అక్క మొగుడు. పెద్దవాడు. అక్క కాపురంలో మాటలు రావడం ఎందుకు అనుకున్నాను. ఇవన్నీ పైకి చెప్పుకునేవి. లోపలిది చెప్పనా? ఆయన మారిపోతే సెలూనులో నేనేం చెప్పి నవ్వించను? ఆ మాట అనుకోలేదులే అప్పట్లో. ఇప్పుడు అనుకుంటున్నా. వెనకాల నవ్వడం సుఖం, ఎదురుగా చెప్పడం కష్టం. నేను సుఖం చూసుకున్నాను. 

అలా సాగుతుండగా కాంపౌండరు గారి బండి వచ్చింది. ఆయన పొద్దున్నే తెచ్చి ఆయిలు మార్పించుకుని వెళ్ళాడు. మార్చింది మీ చిన్నతాత. నేను గోడకన్నంలోంచి చూస్తూనే ఉన్నాను, ఎప్పట్లాగే మెడ పట్టుకుని బిగించి, చేతులు తుడుచుకున్నాడు. ఆ వెనకే మీ తాతయ్య, పైపు, ఊపిరి, "ఎందుకైనా మంచిది." కిటుక్. "కూర్చుంది." కాంపౌండరు గారు సంతోషంగా వెళ్ళాడు. నాలుగోనాడు రోడ్డుమీద, ఇంజనులో ఆయిలు నిలిపే ఆ అడుగు బోల్టు ఊడిపోయింది. ఆయిలంతా కారిపోయింది, ఆయనకేమో తెలియదు, ఇంజను పట్టేసి వెనకచక్రం ఉన్నపళాన ఆగిపోయింది. మనిషి ఎగిరి కంకర మీద పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. ఊళ్ళో అందరికీ కట్లు కట్టే మనిషికి కట్టుకట్టడానికి ఇంకెవరూ లేక ఆయనే ఒంటిచేత్తో కట్టుకున్నాడట. నవ్వకు. అంటే, నేనూ నవ్వాననుకో అప్పుడు. చెయ్యి మెడకి వేలాడేసుకుని, బండిని ఇద్దరిచేత తోయించుకుని షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఎవరు బిగించారు? అది చెప్పండి చాలు. మనిషి చావాల్సింది" అన్నాడు. అరిచినా బాగుండేది, మెల్లిగా అన్నాడు. వీధి వీధంతా వచ్చేసింది. సెలూనులో సగం గడ్డం గీయించుకున్నవాడు కూడా నురగతో వచ్చి నిలబడ్డాడు. 

మీ తాతయ్య వేలు చూపించాడు. "వాడు. మా తమ్ముడు. నేను ఎన్నిసార్లు చెప్పినా వినడు." మీ చిన్నతాత ఎర్రబడ్డాడు. జీవితంలో మొదటిసారి గొంతు పెంచాడు. "నేను సరిగ్గానే బిగించాను. ఆ తర్వాత ఎవరు పైపు వేశారో చూసినవాళ్ళున్నారు" అన్నాడు. అని, నా వైపు తిరిగాడు. మీ తాతయ్య కూడా నా వైపే తిరిగాడు. "సరే, బామ్మర్దినే చెప్పమను. వాడు లేతు మనిషి, చూస్తే తెలిసిపోతుంది. ఒరే, ఈ కన్నం చూసి చెప్పరా, తప్పు ఎవరి చేతిదో" అన్నాడు. ఆయనకి అంత నమ్మకం తల్లీ! ఆయన అబద్ధమాడలేదు, అది నువ్వు తెలుసుకోవాలి. నిజంగానే తమ్ముడి చెయ్యి బరువని నమ్మాడు. నేను వంగి చూశాను. బండి కింద తల పెట్టి చాలాసేపు చూశాను, చూడ్డానికేం లేకపోయినా. కన్నం నున్నగా ఉంది. మర నిలువునా తెగిపోయింది. పైపు. ఇంకో ప్రశ్నే లేదు. ఒక్క మాట చాలు. బయటికొచ్చి, చేతులు దులుపుకుని, ఏమన్నానో తెలుసా? "అల్యూమినియం కదండీ... పాతబడిపోయింది. ఎవరి తప్పని చెప్తాం" అన్నాను. 

పాము చావకూడదు, కర్ర విరక్కూడదు. చాలా తెలివిగా మాట్లాడానని అనుకున్నాను, నిజంగా. మీ చిన్నతాత నన్ను చూసిన చూపు... కోపం కాదమ్మా. కోపమైతే నేనూ కోప్పడేవాణ్ణి. బోల్టు ఎక్కించేటప్పుడు వేళ్ళతో చూసుకునేవాడని చెప్పానే, అలా చూశాడు, ఈ మనిషి ఎంతవరకు నిలబడతాడని. తెలిసిపోయింది వాడికి. మీ తాతయ్య ఏమో నా మాట పట్టుకుని, "పాతబడిన దాన్ని చూసి బిగించాలని తెలియక్కర్లేదా వెధవకి! ఈ షెడ్డులో ఇంక నీ చెయ్యి పడడానికి వీల్లేదు" అన్నాడు. అందరి ముందూ.  వాడు కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నాడు, సబ్బుతో మళ్ళీ కడుక్కున్నాడు, గోళ్ళ సందులు కూడా. మేకుకి తగిలించిన చొక్కా తొడుక్కున్నాడు. లోపలికెళ్ళి మా అక్క కాళ్ళకి దణ్ణం పెట్టాడు. అక్క ఏడుస్తూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది, "ఒరే, మీ బావకి నువ్వు చెప్తే వింటాడు, నువ్వు చూశావు కదరా" అని. "నేనేం చూశానక్కా" అన్నాను. లేతు ఆన్ చేసుకున్నాను. అక్క ఆ తర్వాత నాతో మాట్లాడింది, అన్నం కూడా పెట్టింది, కానీ మళ్ళీ ఎప్పుడూ నన్ను ఏదీ అడగలేదు. 

తర్వాతేమైందంటావా? ఏమవుతుంది, మర్నాడు మూడు బోల్టులు ఊడాయి. వారంలో ఎనిమిది. ఇప్పుడు తిట్టడానికి ఎవరూ లేరాయె. అయినా మీ తాతయ్య ఊరుకుంటాడా? "వెళ్తూ వెళ్తూ అన్నీ వదులు చేసిపోయాడు ద్రోహి" అన్నాడు. నెల గడిచింది. "వాడు పాడుచేసినవి ఇప్పుడు బయటపడుతున్నాయి" అన్నాడు. ఏడాది గడిచింది. "వాడి పీడ ఇంకా వదల్లేదు" అన్నాడు. సెలూను ఆయన కూడా జోకులు తగ్గించేశాడు, నవ్వు రావడం లేదని. అలాంటప్పుడు ఫోటోగ్రాఫరు కొత్త బండి కొన్నాడు. అచ్చంగా కొత్తది, దాని అడుగు బోల్టు తయారైన చోట బిగించడమే తప్ప ఇంకో చెయ్యి పడలేదు. మొదటి ఆయిలు మార్పుకి తెచ్చాడు. మీ తాతయ్య మార్చి, పైపు తొడిగి, కిటుక్కుమనిపించి, "కూర్చుంది" అని లేచాడు. లేచి చూస్తే బోల్టు కింద వేయాల్సిన రాగి వాషరు అరుగుమీదే ఉంది. మర్చిపోయాడు. "ఒక్క నిమిషం" అని మళ్ళీ విప్పాడు. బోల్టు చేతిలోకొచ్చింది, తీగ చుట్టుకుని. మెరుస్తూ. అలవాటు కొద్దీ నోరు తెరిచాడు, "ఏ గాడిద..." అని. ఫోటోగ్రాఫరు అమాయకుడు, చుట్టూ చూసి, "మధ్యలో ఎవరూ ముట్టుకోలేదండీ, నేనిక్కడే నిలబడ్డాను" అన్నాడు. నేను గోడకన్నం దగ్గరే ఉన్నాను. నవ్వొస్తుందేమోనని చొక్కా అంచు పట్టుకుని సిద్ధంగా కూడా ఉన్నాను. రాలేదు. మీ తాతయ్య ఆ బోల్టుని అలా పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో, ఫోటోగ్రాఫరు భయపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. 

అప్పుడు నా దగ్గరికొచ్చాడు. కన్నంలోంచి కాదు, వాకిట్లోంచి చుట్టూ తిరిగి వచ్చాడు. నేను చూడనట్టు లేతు తిప్పుతూనే ఉన్నాను. ఆయనే వెళ్ళి స్విచ్చి ఆపేశాడు. చక్రం తిరిగి తిరిగి ఆగింది. ఆ బోల్టు నా ముందు పెట్టాడు. "నేను కూర్చుంది అనుకునేవాణ్ణిరా" అన్నాడు. ఎంత నవ్వించాడమ్మా ఆ మనిషి నన్ను, ఆ ఒక్క మాట మాత్రం సెలూనుకి మోసుకెళ్ళలేదు. "బామ్మర్దీ, నీకెప్పట్నుంచి తెలుసురా?" అన్నాడు. "చాన్నాళ్ళయింది బావా" అన్నాను. "కాంపౌండరు బండి నాటికి తెలుసా?" తెలుసన్నాను. "మరి చెప్పొచ్చు కదరా." "చెప్తే వినేవాడివా బావా?" అన్నాను, నాకూ రోషమొచ్చి.  "వినేవాణ్ణి కాదు. నిన్ను కూడా గాడిదనే అనేవాణ్ణి" అన్నాడు. "అయినా చెప్పొచ్చు కదరా." 

ఆ మర్నాడే బస్సెక్కాడు, తమ్ముణ్ణి తీసుకొస్తానని. వాడు ఎక్కడో నీటిమోటార్లు బాగుచేసే చోట కుదిరాడని మా అక్కకి తెలుసు, ఏడాదిగా మొగుడికి చెప్పకుండా దాచుకుంది. వెళ్ళేముందు ఆ పైపుని పాత ఇనుములో పడేశాడు. మా అక్క ఇల్లు కడిగింది, వాడి చాప ఎండలో వేసింది. రెండు రోజులకి ఒక్కడే దిగాడు. నేను ఎదురెళ్ళాను. "ఏమన్నాడు బావా? కోపంగా ఉన్నాడా?" అంటే, లేదన్నాడు. అన్నే తమ్ముడి కాళ్ళు పట్టుకోబోతే వాడు పట్టుకోనివ్వలేదట. అన్నం పెట్టాడట, తన మంచం ఇచ్చి తను కింద పడుకున్నాడట. "మరి రాడేం?" అంటే చెప్పడానికి ఇబ్బందిపడ్డాడు మీ తాతయ్య. నా మొహం చూడకుండా చెప్పాడు. వాడన్నాడట: "అన్నయ్యా, నువ్వు తెలియక చేశావు, నీ మీద నాకేం లేదు. తెలిసినవాడు ఒకడున్నాడు. ఆయన వచ్చి పిలిస్తే వస్తాను." మా అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. అంతా వింది. నన్ను చూసింది, ఏమీ అడగలేదు. మీ తాతయ్య కూడా ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికాడు, ఆ ఊసు ఎత్తలేదు. బోల్టులు మాత్రం వేళ్ళతో బిగించడం మొదలుపెట్టాడు, భయం భయంగా, సగం సగం. అవి నిజంగానే గాలికి ఊడేవి. 

ఏంటీ? వెళ్ళానా అంటే... బస్సు ఉందమ్మా, రోజుకి రెండు ఉండేవి. వెళ్దామనే... లేతు దగ్గర పని ఎక్కువుండేది అప్పట్లో. ఆ కిటికీ రెక్క మూసి రా, దుమ్మొస్తోంది.